నాలుగో లంకె

ఆస్పత్రి, కంప్యూటర్ విభాగం
మే 5

పెద్దమ్మా,

"అక్కకు రాసే ఉత్తరం పద్ధతిగా ఉండాలి, ముందు క్షేమం రాయి" అంటోంది అమ్మ. అందరం బాగున్నాం. అమ్మ మోకాలు బాగుంది, నాన్న దగ్గు బాగుంది, అంటే తగ్గలేదు. పద్ధతి అయిపోయింది, ఇక నా గొడవ విను.

ఆరు నెలలు ఏ తెరా చూడొద్దని నీ కళ్ల డాక్టరు అన్నాడు కాబట్టి అక్షరాలు ఇంత లావున రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. పోయిన నెల ఫోన్లో పాయింటర్ల సంగతి, అదే, ప్రోగ్రాంలో ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి చూపే చిరునామాల సంగతి ఎత్తితే మూడో నిమిషానికల్లా ఇద్దరం అరుచుకున్నాం. నువ్వు "దాని తర్వాతది" అంటావు, నేను "దేని తర్వాతది?" అంటాను. కాగితమే నయం.

నేను కూర్చునేది నీ కుర్చీలోనే. ఒక చక్రం లేదు, ఎడమవైపు ఒరుగుతుంది. ఆపరేషన్ల కోసం ఎదురుచూసేవాళ్ల వరుసను నడిపేది నువ్వు రాసిన ప్రోగ్రామే. ఎనిమిది నెలలుగా నా చేతిలో ఉంది. నడుస్తున్నంత కాలం ముట్టుకోలేదు. ఇప్పుడు లోపలికి తొంగిచూస్తే అంతా డబుల్లీ లింక్డ్ లిస్ట్, రెండువైపులా లంకెలున్న జాబితా. కాలేజీలో పరీక్షకు బట్టీపట్టి పాసయ్యాను. పెట్టెలూ బాణాలూ గీయమంటే గీస్తాను. నా చేత్తో రాయమంటే మాత్రం వరుస తెగిపోతోంది. మధ్యలో ఒక మనిషిని చేరిస్తే వెనక ఉన్నవాళ్లంతా గాల్లో కలిసిపోతున్నారు.

మొదటినుంచీ చెప్పవా? చిన్నప్పుడు కూడికలు నేర్పినట్టు. ఇక్కడేదో జరిగిందని కాదు, ఊరికే, నేర్చుకుందామని.

నీ తోక


బైండింగ్ షాపు పైన, మేడ గది
మే 12

తోకా,

ఉత్తరం భూతద్దం లేకుండానే చదివాను. మెచ్చుకోలు అంతే.

"ఊరికే నేర్చుకుందామని" నువ్వు ఏ పనీ చెయ్యవు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు పాఠం.

డాక్టరు గది బయట కూర్చునేవాళ్లను చూడు. కిటికీ దగ్గర ఒకరు, ఫ్యాన్ కింద ఒకరు, నచ్చిన కుర్చీలో నచ్చినవాళ్లు. అయినా వరుస చెదరదు. ఎందుకంటే వచ్చిన ప్రతి మనిషీ "చివర ఎవరండీ?" అని అడిగి, ఆ ముఖం గుర్తుపెట్టుకుని కూర్చుంటాడు. వరుస కుర్చీల్లో ఉండదు, ఆ గుర్తులో ఉంటుంది. లింక్డ్ లిస్ట్ అంటే అదే. కంప్యూటర్లో ఒక్కో మనిషికి ఒక్కో కార్డు, అవి ఎక్కడెక్కడో పడి ఉంటాయి. ఎవరి తర్వాత ఎవరో కార్డులోనే రాసి ఉంటుంది.

ఒక్కవైపే గుర్తుంటే ఒంటి లంకె. నా తర్వాత ఎవరో నాకు తెలుసు, ముందెవరో తెలియదు. అందులోంచి నేను లేచి వెళ్లిపోవాలంటే నా ముందువాడికి చెప్పాలి. వాడెవడో తెలియదు కాబట్టి మొదటినుంచీ అందరినీ అడుక్కుంటూ రావాలి. మన వరుసలో రోజూ ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది, ఎవరో ఒకరు వాయిదా వేసుకుంటారు. అందుకే నేను ప్రతి కార్డులో రెండు గళ్లు పెట్టాను. 'ముందు' ఒకటి, 'తర్వాత' ఒకటి. మొదటి కార్డులో 'ముందు' గడి ఖాళీ, చివరి కార్డులో 'తర్వాత' గడి ఖాళీ. ఆ ఖాళీకే నల్ అని పేరు. మొదటి కార్డు చిరునామా పెట్టుకునే చోటును తల అంటాం, చివరి కార్డుది తోక. నీకు ఆ పేరు పెట్టింది అందుకు కాదులే. నా కొంగు పట్టుకుని ఈ ఆస్పత్రి దాకా వచ్చేదానివి కాబట్టి పెట్టాను.

ఇప్పుడు చేర్చడం. కళ్లజోడాయన, ఆయన తర్వాత గొడుగావిడ ఉన్నారనుకో. ఇద్దరి మధ్యా కొత్తమనిషిని కూర్చోబెట్టాలి. ముందు కొత్తమనిషి సొంత గళ్లు రెండూ నింపు: ముందు కళ్లజోడాయన, తర్వాత గొడుగావిడ. ఆ రాత వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆపైన గొడుగావిడ 'ముందు' గడి మార్చి కొత్తమనిషిని రాయి. అన్నిటికన్నా ఆఖర్న కళ్లజోడాయన 'తర్వాత' గడి. నాలుగు లంకెలు. నువ్వు ఆ ఆఖరుది మొదట మారుస్తున్నావని పందెం. ముందునుంచి వచ్చేవాళ్లకు గొడుగావిడ ఎక్కడుందో చెప్పగలిగేది కళ్లజోడాయన ఒక్కడే. ఆయన చేత ఆ చిరునామా ముందే చెరిపించేస్తే ఆవిడా, ఆవిడ వెనకవాళ్లూ గాల్లో కలవక ఏమవుతారు?

తీసెయ్యడం ఇంకా తేలిక. రెండు లంకెలే. నువ్వే కనుక్కో. తల దగ్గరా తోక దగ్గరా తీసేటప్పుడు పక్కన మనిషి ఉండడని మాత్రం మర్చిపోకు.

కంప్యూటర్ ముందు కూర్చోకు. అట్టముక్కలు కత్తిరించి నేల మీద పరిచి చెయ్యి.

ఇంకో మాట. రోజూ పొద్దున ప్రింటరు ఒక పొట్టి కాగితం ఇస్తుంది. విభాగం పేరు, 'ముందునుంచి ఇంత, వెనకనుంచి ఇంత' అని రెండంకెలు. అది చూస్తున్నావు కదా?

పెద్దమ్మ


ఇల్లు, వంటగది బల్ల
మే 20

పెద్దమ్మా,

పందెం నువ్వే గెలిచావు. ఆఖరుది మొదట మారుస్తున్నాను.

ఆదివారం పాత పెళ్లిపత్రికలు కత్తిరించి పన్నెండు కార్డులు చేశాను. మన చుట్టాల పేర్లే రాశాను. అమ్మకూ బాబాయికీ మధ్య నిన్ను చేర్చాలని చూస్తే మొదటిసారి బాబాయి మొదలు అందరూ ఎగిరిపోయారు. రెండోసారి నిన్ను సరిగ్గా కూర్చోబెట్టాను గానీ అమ్మే మాయమైంది. "ఏదీ, నన్ను వెతికి పెట్టు" అని అమ్మ చీపురు పట్టుకుని నిలబడింది. మూడోసారి కుదిరింది. ముందునుంచి వేలు పెట్టి చదివితే పన్నెండు, వెనకనుంచి చదివితే పన్నెండు. నాన్న కూడా వచ్చి వేలు పెట్టి చదివాడు. "ఇంతేనా? దీనికి నాలుగేళ్ల చదువా?" అన్నాడు.

తీసెయ్యడం నేనే కనుక్కున్నాను. వెళ్లిపోయే మనిషిని ఏమీ అడగక్కర్లేదు. ఆయన ముందువాడి 'తర్వాత' గడిలో ఆయన తర్వాతవాణ్ణి రాయాలి, ఆయన తర్వాతవాడి 'ముందు' గడిలో ఆయన ముందువాణ్ణి. పక్కవాళ్లిద్దరూ చేతులు కలుపుకుంటే మధ్యలో ఆయన లేనట్టే. ఆయన కార్డు ఇంకా నేల మీద పడే ఉంటుంది, కానీ దాని దగ్గరకు వెళ్లే దారి ఉండదు. అది చూస్తే కొంచెం భయమేసింది.

తలకు ముందొకటి, తోకకు వెనకొకటి ఉత్త కార్డులు పెడితే చివర్ల గొడవే ఉండదని ఎక్కడో చదివాను. ఆ రెండు కార్డుల్లో మనుషులుండరు, కాపలాకి ఉంటాయంతే. ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు ఉన్నట్టే కాబట్టి నల్ కోసం విడిగా చూసుకోనక్కర్లేదు. బాగుంది కదా? నువ్వెందుకు పెట్టలేదు?

ఒక సందేహం. ఊరికే అడుగుతున్నా. ఒక మనిషి వెనకనుంచి చదివితే కనపడి, ముందునుంచి చదివితే కనపడకపోతే, తెగింది ఏ లంకె?

నీ కళ్లలో చుక్కలు వేయించుకుంటున్నావా? అమ్మ అడగమంది.

తోక


మేడ గది
మే 26

నాలుగోది. ఆ మనిషికి ముందున్న కార్డులో 'తర్వాత' గడి. మిగతా మూడూ పడ్డాయి, అదొక్కటి పడలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఎవరు కనపడటం లేదు?

ఫోన్ చేద్దామని తీసి పెట్టేశాను. ఫోన్లో అయితే నువ్వు మాట దాటేస్తావు. పొద్దుటి కాగితం సంగతి అడిగాను, చుట్టాలందరి కబుర్లూ చెప్పావు గానీ దానికి జవాబు లేదు. నీళ్లు నమలకుండా రాయి.

ఉత్త కార్డులు నేనెందుకు పెట్టలేదంటే, ఆ రోజుల్లో నాకు తట్టలేదు.

పెద్దమ్మ


ఆస్పత్రి, కంప్యూటర్ విభాగం
జూన్ 2

పెద్దమ్మా,

రాస్తున్నాను. మూడు కాగితాలు చింపి ఇది నాలుగోది.

ఏప్రిల్ ఆఖర్లో కౌంటరు దగ్గర ప్రింటరు ఇరుక్కుపోతే బాగుచెయ్యడానికి వెళ్లాను. ఒకావిడ కౌంటరు బల్లకు ఆనుకుని నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తియ్యడం మర్చిపోయి వచ్చినట్టుంది. దర్జీ. తుంటి కీలు అరిగిపోయింది. మిషను తొక్కలేక కుట్టుపని ఆపేసి, ఇప్పుడు చేత్తో గుండీలు మాత్రం కుడుతోందట.

"మీ పేరుందమ్మా, ఇదిగో తెరమీద కనపడుతోంది. పిలుస్తారు" అంటోంది కౌంటరమ్మాయి.

"పోయిన నెలా అదే అన్నావు, అంతకుముందు నెలా అదే అన్నావు. నీ మాట అబద్ధమని కాదు తల్లీ. నాతో పాటు బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ ఆపరేషన్ అయిపోయి నడుచుకుంటూ నా షాపుకొచ్చి బట్టలిచ్చి వెళ్లారు. నా పేరు అక్కడ ఉండి ఏం చేస్తోందో ఒకసారి చూసి చెప్పు."

కౌంటరమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత పైకొచ్చి, ఊరికే ఆవిడ పేరు వెతికాను.

కౌంటరు తెర కొత్తగా చేరినవాళ్లను ముందు చూపిస్తుంది. అంటే తోకనుంచి వెనక్కి చదువుతుంది. అందులో ఆవిడ ఉంది. ఆపరేషన్ గదికి వెళ్లే పిలుపు జాబితా తలనుంచి చదువుతుంది. అందులో ఆవిడ లేదు. నవంబర్లో పెద్ద డాక్టరు ఆవిణ్ణి చూసి, ఆగడానికి వీల్లేదని రాసి, వరుసలో చాలా ముందుకు జరిపించాడు. ఆ జరిపినప్పుడే ఇది జరిగింది. ఆరు నెలలుగా ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు, ఇక ఎప్పటికీ పిలవరు. ఈలోగా కుంటి నడక వల్ల రెండో తుంటి కూడా అరగడం మొదలైందని ఫైల్లో ఉంది.

ఇప్పుడు ఆ పొద్దుటి కాగితం. దాన్ని నేనే ఆపేశాను. అక్టోబర్లో, చేరిన రెండో నెల.

అది లెక్కపెట్టేంతసేపూ ఎవరినీ ఏ కార్డూ తెరవనివ్వదు. కౌంటర్లు తెరిచే వేళకు పావుగంట అంతా నిలిచిపోతుంది. జనం అరుస్తారు, కౌంటరు వాళ్లు పైకొచ్చి నా మీద అరుస్తారు. ఆ కాగితం దేనికని అడిగితే ఎవరికీ తెలియదు. ప్రోగ్రాంలో దాని పక్కన ఒక్క ముక్క రాసి లేదు. ప్రతిరోజూ రెండంకెలూ ఒకేలా ఉండేవి. ఒకేలా ఉండే రెండంకెలు రోజూ ఎందుకు అచ్చువెయ్యాలి అనుకున్నాను. ఆపేశాను. కౌంటరు వాళ్లు ఆ శనివారం నాకోసం కేకు కోశారు. ఉద్యోగంలో నేను చేసిన మొదటి మంచిపని అని అమ్మకు చెప్పుకున్నాను కూడా.

సూపరింటెండెంటుకు చెప్పలేదు. నీకు చెప్పడానికే నెల పట్టింది. ఆ ఒక్క గడి నేను చేత్తో మార్చేస్తే రేపే ఆవిడకు పిలుపు వెళ్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. వేళ్లు కీబోర్డు దాకా వెళ్లి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నాకే తెలియదు.

ఏం చెయ్యమంటావు?

తోక


మేడ గది
జూన్ 7

తోకా,

నువ్వు నాలుగో కాగితం మీద రాశావు. నేను తొమ్మిదేళ్ల తర్వాత రాస్తున్నాను.

ఆ పొద్దుటి కాగితం నేనెందుకు పెట్టానో విను. తొమ్మిదేళ్ల కిందట ఒక లారీ డ్రైవరు ఇలాగే పదకొండు రోజులు వరుసలోంచి జారిపోయాడు. నాలుగో లంకె ఎందుకు పడలేదో రెండు రోజులు తల బద్దలుకొట్టుకుని కనిపెట్టాను. కొత్తమనిషిని చేర్చే క్షణాన, ముందున్న మనిషి కార్డు ఇంకో బల్ల మీద ఎవరో తెరిచి చూస్తుంటే, ఆ కార్డు మీద మన రాత పడదు. రాత పడలేదని యంత్రం చెబుతుంది. కానీ నా ప్రోగ్రాం ఆ జవాబు వినదు. రాశాను కదా, పడే ఉంటుంది అనుకుని ముందుకెళ్లిపోతుంది. తప్పు యంత్రానిది కాదు, నాది. ఒక్క ప్రశ్న వెయ్యడం మర్చిపోయాను.

దాన్ని సరిచెయ్యాలంటే రెండు రోజులు వరుస ఆపాలి. ఆపాలంటే అప్పటి సూపరింటెండెంటుకు కారణం చెప్పాలి. చెబితే ఆ డ్రైవరు సంగతి బయటపడుతుంది. విభాగానికి పెద్దగా ఎవరిని వెయ్యాలో ఆ నెలలోనే తేలుస్తారు. నన్నే వేస్తారని అందరూ అనేవాళ్లు. నేను ఆ గడిని చేత్తో మార్చేశాను. డ్రైవరుకు మర్నాడు పిలుపు వెళ్లింది. పదవి నాకొచ్చింది. మళ్లీ అలా జరిగితే తెలియాలని, ముందునుంచీ వెనకనుంచీ లెక్కపెట్టే కాగితం పెట్టాను. అయిదేళ్లలో నాలుగుసార్లు తేడా వచ్చింది. నాలుగుసార్లూ నేనే, ఎవరూ రాకముందే వచ్చి, చేత్తో దిద్దాను. గాయం మాన్పకుండా రోజూ కట్టు మార్చుకుంటూ కూర్చున్నాను.

నీకు ముందు పనిచేసినాయన తేడా వస్తే నాకు ఫోన్ చేసేవాడు, నేను ఏ గడి మార్చాలో చెప్పేదాన్ని. ఎందుకని అతను అడగలేదు, నేను చెప్పలేదు. వెళ్లిపోయేటప్పుడు నీకు చెప్పి ఉంటాడనుకున్నాను. అనుకున్నాను, అంతే. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టమని సిఫారసు చేసిందాన్ని, ఒక్క ముక్క రాసి పెట్టలేదు. రాస్తే ఎందుకో కూడా రాయాలి కదా.

కాగితం ఆపడం నీ తప్పే. తెలియనిదాన్ని తెలుసుకోకుండా ఆపకూడదు. కానీ దాన్ని తెలియనిదిగా ఉంచింది నేను.

ఇప్పుడు పని. ఒకటి బాగా గుర్తుపెట్టుకో. ఆపరేషన్ అయినవాళ్ల కార్డులు వెంటనే తియ్యరు, అయిందని గుర్తు పెట్టి ఉంచుతారు. జూన్ ముప్ఫైన అలాంటివన్నీ ఒకేసారి ఏరేస్తారు. దర్జీ ముందున్న మనిషికి ఎప్పుడో ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. ఆ కార్డు తీసేటప్పుడు దాని రెండు పక్కల కార్డులూ చేతులు కలుపుకుంటాయి. ఆ కార్డు 'తర్వాత' గడిలో ఉన్నది దర్జీ కాదు, దర్జీ వెనక మనిషి. కాబట్టి ఆ వెనక మనిషి 'ముందు' గడిని యంత్రం మార్చేస్తుంది. ఆవిడ పేరు ఇంకా మిగిలి ఉన్న దారి అదొక్కటే. ఆ తర్వాత కౌంటరు తెరమీద కూడా ఆవిడ ఉండదు. అసలు పేరే నమోదు కాలేదంటారు. మూడు వారాలుంది.

ఆవిడ ఒక్కతేనా అన్నది ఇంకో ప్రశ్న. ఎనిమిది నెలలు లెక్కపెట్టలేదు. వెంటనే లెక్కపెట్టు.

చేత్తో దిద్దకు. నీ వేళ్లు ఆగినందుకు నేను చాలా సంతోషించాను, నావి ఆగలేదు. సూపరింటెండెంటుకు ఇందులో విడిగా ఒక ఉత్తరం పెట్టాను, అతికించలేదు, నువ్వు చదివే ఇవ్వు. నన్ను కాపాడే మాట ఒక్కటి చెప్పినా నీతో మాట్లాడను.

పెద్దమ్మ


ఆస్పత్రి, కంప్యూటర్ విభాగం
జూన్ 19

పెద్దమ్మా,

నీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే లెక్కపెట్టాను. కీళ్ల విభాగం. ముందునుంచి వెయ్యిన్నీ రెండు వందల ఆరు. వెనకనుంచి వెయ్యిన్నీ రెండు వందల ఎనిమిది. మళ్లీ పెట్టాను, అంతే. ఒకటి కాదు, రెండు తేడా.

రెండో మనిషి ఒక కాపలాదారు. యాభై ఎనిమిదేళ్లు. జనవరిలో ముందుకు జరిపించారు. ఇంకెవరూ లేరు, మిగతా విభాగాలన్నీ సరిపోయాయి.

రెండు ఉత్తరాలూ పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లాను. నాది ఒకటి, నీది ఒకటి. ఆయన కళ్లజోడు తీసి రెండూ చదివి, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు. అరుస్తాడనుకున్నాను. "ఇద్దరూ తప్పు నాదంటే నాదంటున్నారు. ఇరవై ఏళ్లలో ఈ గదిలో ఇలాంటి పోట్లాట చూడలేదు" అన్నాడు. తర్వాత ఆయన ముఖం మారిపోయింది. "ఆవిడకు నేను కాదు, నువ్వు చెప్పు. నా ముందే చెప్పు" అన్నాడు.

దర్జీ వచ్చింది. కుర్చీలో కూర్చోలేక అంచు మీద ఒరిగింది. కార్డులూ గళ్లూ అన్నీ చెప్పాను. తెల్లకాగితం మీద గీసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసింది. కుట్టుపని చేసే మనిషి కదా, నాకన్నా తొందరగా పట్టుకుంది.

"అంటే మూడు పక్కలా కుట్టి నాలుగో పక్క వదిలేశారు. జేబులో పెట్టింది జారిపోయింది."

"అవునండీ."

"డాక్టరుగారు నన్ను ముందుకు జరపకుండా ఉంటే?"

సూపరింటెండెంటే చెప్పాడు. "పాత చోటే ఉంటే మార్చిలో అయిపోయేదమ్మా."

ఆవిడ కాగితం మీద నేను గీసిన బాణాలను వేలితో తడుముతూ కూర్చుంది. "మార్చిలో మా చెల్లెలి కూతురి పెళ్లి. పెళ్లిబట్టలన్నీ నేనే కుడతానని మాటిచ్చాను. బయట కుట్టించారు" అంది. తిట్టి ఉంటే బాగుండేది పెద్దమ్మా. లేచేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "నన్ను మొదట పెట్టండి, లేదంటే చివర పెట్టండి. మధ్యలో మాత్రం దూర్చకండి బాబూ" అంది. సూపరింటెండెంటు నవ్వబోయి ఆపుకున్నాడు. జులై మూడుకు తారీఖు ఇచ్చారు.

సూపరింటెండెంటు వరుస రెండు రోజులు ఆపించాడు. ప్రోగ్రాం దిద్దాను. నువ్వు మర్చిపోయిన ప్రశ్న వెయ్యడం ఒక్కటే కాదు. ఇప్పుడది ముందు రెండు పక్కల కార్డులూ చేతిలోకి తీసుకుంటుంది. రెండూ దొరికితేనే నాలుగు గళ్లూ రాస్తుంది. ఒకటి దొరక్కపోతే దేన్నీ ముట్టుకోకుండా, ఇప్పుడు కుదరదు, కాసేపాగి చేర్చమని తెరమీద చెబుతుంది. రాశాక రెండువైపుల నుంచీ చదివి చూసుకుంటుంది. తలకూ తోకకూ ఉత్త కార్డులు కూడా పెట్టాను. ప్రోగ్రాంలో ఏ పంక్తి ఎందుకో పక్కనే తెలుగులో రాశాను. జారిన ఇద్దరినీ ఆ కొత్త ప్రోగ్రాంతోనే మళ్లీ వరుసలో చేర్చాను.

ఇక కాపలాదారు. ఆయన ఇచ్చిన నంబరు పనిచెయ్యడం లేదు. ఉత్తరం వేస్తే తిరిగొచ్చింది, ఇల్లు మారారట. పనిచేసే బడి చిరునామా మాత్రం ఉంది. అది మీ ఊళ్లోనే, నీ కళ్ల డాక్టరు ఉండే వీధికి రెండు వీధుల అవతల. చిరునామా వెనక రాశాను. నేను వద్దామంటే సెలవివ్వరు. నీ కళ్లతో నువ్వు తిరగకూడదని అమ్మ అంటోంది. అడగకూడదనే అనుకున్నాను. అడుగుతున్నాను.

తోక


మేడ గది
జూన్ 28

తోకా,

వెళ్లాను. మీ అమ్మకు చెప్పకు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని బస్సెక్కితే ఒకాయన లేచి సీటిచ్చాడు, కాబట్టి కష్టమేమీ పడలేదు.

చిన్న బడి. ఇనపగేటు. గేటుకు నాలుగడుగుల దూరంలో చెక్కస్టూలు మీద ఆయన కూర్చున్నాడు. గేటు గడియకు ఒక తాడు కట్టి రెండో కొస చేతికి చుట్టుకున్నాడు. ఎవరైనా వస్తే లేవకుండా తాడు లాగుతాడు, గడియ లేస్తుంది. నేను రాగానే లాగాడు.

"ఎవరి కోసమమ్మా?"

"మీ కోసమే."

"నా కోసమా?" అని వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఆస్పత్రి నుంచి అన్నాను. ఆయన ముఖంలో కంగారు చూసి ఆశ్చర్యపోయాను. లేవబోయాడు, లేవలేకపోయాడు. నేను మాట మొదలుపెట్టకుండానే చేతులు జోడించాడు.

"తప్పు నాదేనమ్మా. ఫిబ్రవరిలో నంబరు మార్చాను. మీరు పిలిచుంటారు, నేనే అందుకోలేదు. కౌంటరుకు వెళ్లి అడిగితే పేరుందన్నారు. పేరుందంటే పిలిచే ఉంటారు కదా. పిలిచినప్పుడు పలకనివాడికి మళ్లీ మొదట్నుంచి ఇవ్వమని ఏ ముఖం పెట్టుకుని అడగను? అందుకే రావడం మానేశాను."

నాలుగు నెలలుగా ఆ మనిషి తనను తాను తిట్టుకుంటూ ఆ స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఆ బస్సులో ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. అవేవీ పనికిరాలేదు.

"మేం మిమ్మల్ని పిలవలేదండీ. ఒక్కసారి కూడా పిలవలేదు. మీ పేరు మా దగ్గరే జారిపోయింది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. అలా జారుతుందని నాకు ముందే తెలుసు."

"పిలవలేదా?"

"లేదు."

ఆయన చేతికున్న తాడు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. గేటు బయట ఎవరో స్కూటరు ఆపి హారన్ కొట్టారు. ఆయన వినలేదు. నేనే వెళ్లి గేటు తీశాను.

నేను తిరిగొచ్చేసరికి ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. "అయితే మా ఆవిణ్ణి ఉత్తపుణ్యానికి తిట్టానమ్మా. నంబరు మార్పించింది తనే. నీవల్లే నా కాలు పోయిందని మూడు నెలలుగా దెప్పుతున్నాను. పాపం, ఒక్క మాట ఎదురు చెప్పలేదు" అన్నాడు.

నా మీద కోప్పడతాడని చూశాను. ఆ ముక్క అడిగాను కూడా. ఆయన కాస్త ఆలోచించాడు. "కోపం రేపు వస్తుందేమోనమ్మా. ఇవ్వాళ ఇంటికెళ్లి తనతో మాట్లాడాలి" అన్నాడు.

కొత్త నంబరు ఇందులో ఉంది, మూడుసార్లు సరిచూశాను. తారీఖు ఖాయం చేసి ఆయనకు చెప్పు. ఒక్కటే అడిగాడు, "ఈసారి ఎవరైనా తోడుంటారా?" అని. నేను వస్తానన్నాను.

రావడం నాకు అంత తేలిక కాదు. ఆ మెట్ల మీద నన్ను విభాగం పెద్దగా చూసినవాళ్లందరూ ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. నా ఉత్తరం సంగతి ఈపాటికి అందరికీ తెలిసే ఉంటుంది. అయినా వస్తాను.

పెద్దమ్మ


ఆస్పత్రి, కంప్యూటర్ విభాగం
ఆగస్టు 14

పెద్దమ్మా,

నువ్వు బస్సెక్కి వెళ్లిపోయి రెండు రోజులే అయింది, అప్పుడే ఉత్తరమేమిటి అనకు. నీకు తెలియంది ఒకటుంది.

ముందు మామూలు కబుర్లు. నాకు మెమో ఇచ్చారు. ఆరు నెలలు వరుస ప్రోగ్రాంలో నేను ఒంటరిగా ఏ మార్పూ చెయ్యకూడదు, పక్కన ఇంకొకరు కూర్చుని చదవాలి. న్యాయమే. పొద్దుటి లెక్క మళ్లీ పెట్టాం. ఆ పావుగంటా నేనే కౌంటరు బయట నిలబడి, ఎందుకు ఆగిందో జనానికి చెప్పాలని సూపరింటెండెంటు ఆజ్ఞ. మొదటిరోజు తిట్లు తిన్నాను. ఇప్పుడు కొందరు "మా పేరు రెండుపక్కలా ఉందా అమ్మా?" అని అడిగి వెళ్తున్నారు. దర్జీ నాలుగు కాళ్ల చట్రం పట్టుకుని వరండాలో నడుస్తోంది. రెండో తుంటికి కూడా ఏడాదిలో చెయ్యాలన్నారు. ఆ మాట విన్నప్పుడు నా వైపు చూడలేదు. నన్ను క్షమించిందో లేదో తెలియదు. అడగలేదు.

నీ గురించి ఇక్కడ ఏమనుకుంటున్నారో అడిగావు. కొందరు బాగా అనుకోవడం లేదు. పాత నర్సమ్మ మాత్రం, "తొమ్మిదేళ్లు మోసిందా ఆ బరువు!" అంది.

ఇక నీకు తెలియంది. కాపలాదారు ఆపరేషన్ రోజున నువ్వూ ఆయన భార్యా బయట బెంచీ మీద కూర్చున్నారు. నన్ను తలుపు లోపలి దాకా రానిచ్చారు. అక్కడ ఆపరేషన్ల కోసం అయిదుగురు బల్లల మీద పడుకుని ఉన్నారు. నర్సు నా ప్రోగ్రాం ఇచ్చిన జాబితా చేత్తో పట్టుకుని ముందునుంచి చదువుతోంది. మొదటి పేరు. ఆవిడ పలికింది. రెండో పేరు. అతనూ పలికాడు. మూడోది ఆయనది.

పేరు చదివింది. జవాబు లేదు.

మళ్లీ ఏం తప్పు చేశానా అని కార్డులన్నీ కళ్లముందు తిరిగాయి. నర్సు ఇంకోసారి, కాస్త గట్టిగా పిలిచింది. ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. వినపడక కాదు. విన్నది తన పేరేనా అని ఆలోచిస్తున్నట్టున్నాడు. మెల్లగా తల తిప్పి నర్సు చేతిలోని కాగితం వైపు చూశాడు.

"ఉన్నాను" అన్నాడు.

అక్కడికి చాలు. నర్సు ఆయన పేరుకెదురుగా గుర్తు పెట్టి నాలుగో పేరుకు వెళ్లబోయింది. ఆయన ఆగలేదు. గది అంతా వినపడేలా, బల్ల మీంచి లేవబోతూ మళ్లీ అన్నాడు.

"ఉన్నానమ్మా. నేనిక్కడే ఉన్నాను."

తోక